తాళం లేకుండా కదిలిన బండి

దుమ్ముగూడెం అవతలి నుంచి,
శనివారం పొద్దున.

అన్నయ్యకు, వదినకు పద్మ చేతులు జోడించి రాసేది. మీరంతా ఒంట్లో బాగున్నారా? వదిన మోకాలి నొప్పి నిజంగా తగ్గిందా, లేక తగ్గిందని నీతో చెప్పి, నువ్వు షాపుకి పోయాక నూనె రాసుకుంటోందా? పిల్లలు వేళకి తింటున్నారా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నేను బాగానే ఉన్నాను. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకా రెండు మూడు చోట్ల కనిపిస్తుంది, విసుక్కోకు.

ఈ రోజుల్లో ఉత్తరం ఏమిటని వదిన నవ్వుతుంది, నవ్వనీ. ఇంటి దగ్గర సిగ్నల్ రాదు. ఊరి వెనక గుట్టెక్కితే మాట కలుస్తుంది గానీ అక్కడ ఎప్పుడూ నలుగురు ఉంటారు, వాళ్లలో మా ఆయన, అదే మీ బావ కూడా ఉంటాడు. నేను చెప్పవలసింది వాళ్లు వినకూడదు. మిరపకాయ బస్తాలు తీసుకుపోయే వ్యాన్ డ్రైవరు ఈసారి సత్తుపల్లి వైపు పోతున్నాడట. పెనుబల్లిలో ఆగి, నీ మెకానిక్కు షాపులో నీ చేతికే ఇమ్మని మరీ మరీ చెప్పాను.

ముందు మామూలు సంగతులు రాస్తాను, లేకపోతే వదిన కోప్పడుతుంది. మేం వచ్చినప్పుడు మిరప తోటలు పూత మీద ఉన్నాయి. ఇప్పుడు ఎటు చూసినా ఎరుపే. తెల్లవారితే గోదావరి మీది నుంచి మంచు లేచి ఇంట్లోకి వస్తుంది, దుప్పటి తడిగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది. కాయలు ఎండబోసిన కళ్లం పక్కనే మా రెండు గదులు, కాబట్టి నిద్రలో కూడా తుమ్ములే. ఇక్కడి బియ్యం లావు, కూరలో పులుపు ఎక్కువ. ఎండుచేపల పులుసు మాత్రం చెప్పుకోవాలి, నీకు నచ్చుతుంది. కాయ ఏరే ఆడవాళ్లు నాతో తెలుగులో మాట్లాడతారు, తమలో తాము కోయలో మాట్లాడుకుంటారు. వాళ్లు నవ్వితే నేనూ నవ్వుతాను, దేనికో తెలియకుండా. కొన్ని సాయంత్రాలు ఎవరైనా మన ఊరి యాసలో తిట్టినా బాగుండుననిపిస్తుంది.

మీ బావ పని ముత్తయ్య ట్రాక్టరు తోలడం. ముత్తయ్యది ఈ ఊరే. మంచివాడే, తొందర మనిషి. వాళ్లమ్మ కన్నమ్మ, ఆ ఇంట్లో ఆమె మాటే మాట. నన్ను బిడ్డా అని పిలుస్తుంది, వండింది ఏదైనా గిన్నెలో పెట్టి పంపుతుంది. ఇంత మంచి మనిషితో నాకు పేచీ వస్తుందని అనుకోలేదు.

ట్రాక్టరు మన పెళ్లిళ్లకంటే పాతది. హ్యాండ్ బ్రేకు పట్టదు. తోట వాగు వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఎక్కడ ఆపినా గేరులో వేసి, చక్రానికి రాయి పెట్టి దిగుతాడు మీ బావ. గేరులో ఉంటే స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్చు ఒకటి ఉంటుందే, దాన్ని ఎవరో ఎప్పుడో పీకేసి రెండు వైర్లు కలిపి మెలేశారు. చదువుతూ నువ్వు తల పట్టుకుంటావని తెలుసు. నేనూ పట్టుకున్నాను.

మొదటిసారి ఇంటి ముందే జరిగింది. నేను గిన్నెలు తోముతున్నాను, మీ బావ స్నానానికి పోయాడు. బండి మీద ఎవరూ లేరు. తాళంచెవి ఇంట్లో మేకుకి వేలాడుతోంది. ఉన్నట్టుండి సెల్ఫ్ మోటారు గర్రుమంది, బండి ఎగిరి రాయిని గుద్దుకుని ఆగింది. ఇంజను చల్లగా ఉంది కాబట్టి అందుకోలేదు. కన్నమ్మ వాకిట్లోంచి అంతా చూసింది.

"ముత్యాలమ్మకు కోపమొచ్చింది. పొద్దుగాల కొట్టిన కాయ మంచిగ పగల్లే, నాకు గప్పుడే అనుమానమొచ్చింది" అంది.

ముత్తయ్య మాత్రం మీ బావ మీద పడ్డాడు. "తాళం దాంట్లనే మర్సి పోయినవా ఏంది?" మేకుకున్న తాళంచెవి చూపించాను. చూశాడు, చక్రం కింది రాయిని కాలితో సరిచేసి పోయాడు.

తరవాత తోటలో ఒకసారి, కళ్లం దగ్గర ఒకసారి. మధ్యలో రోజులకు రోజులు ఏమీ ఉండదు, బుద్ధిగా తిరుగుతుంది. నిన్ను ఏడిపించే జబ్బు ఇదే కదా. షాపుకి తెస్తే కనిపించదు, ఇంటికి పోతే కనిపిస్తుంది. ఆడవాళ్లు బండి దగ్గరకి రావడానికే భయపడసాగారు. ఒక్క జ్యోతి తప్ప. జ్యోతికి చంటిపాప ఉంది. మిరప తోటలో నీడ ఎక్కడుంటుంది? గట్టు మీది చెట్ల కింద చీమలు, కోతులు. అందుకని పాత చీరతో ట్రాలీ కింద కమ్ములకి ఉయ్యాల కట్టి పాపను పడుకోబెడుతుంది. ఇక్కడ చంటిపిల్లల తల్లులందరూ చేసే పనే. బండి ఎక్కడికి పోతుంది, ఆగి ఉన్నదే కదా అనుకుంటారు. ఆ ఉయ్యాలను చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

అందుకే నేను దిగాను అన్నయ్యా. మీ బావ నవ్వాడు. ఎన్నేళ్లు నీ షాపులో టెస్ట్ బల్బు పట్టుకుని కూచున్నానో ఆయనకేం తెలుసు. వైర్ల కట్ట పట్టుకుని ఊపి చూశాను, లాగి చూశాను, సీటు కింద రాసుకుపోయిన చోటల్లా టేపు చుట్టాను. ఏమీ దొరకలేదు. మధ్యలో ఎవరో మెకానిక్కు తాళానికీ సెల్ఫ్ మోటారుకీ నడుమ ఒక రిలే పెట్టాడు. సన్నటి కరెంటు తగిలితే చాలు, అది మోటారుని తిప్పేస్తుంది. తప్పు దానికి ముందు ఎక్కడో ఉందని అర్థమైంది, ఎక్కడో అర్థం కాలేదు.

అప్పుడు నువ్వు చేసే పనే చేశాను. సెల్ఫ్ మోటారుకి పోయే సన్న వైరు ఊడదీసి, దానికి బల్బు కట్టి బానెట్టు పక్కన వేలాడదీశాను. ఇక దెయ్యం పట్టినా మోటారు తిరగదు, బల్బు వెలుగుతుంది, అంతే. మీ బావని మాత్రం సెల్ఫ్ మోటారు మీది రెండు బోల్టులకి స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి స్టార్ట్ చేసుకోమన్నాను. బల్బు వెలిగితే నన్ను కేకేయండని ఆడవాళ్లందరికీ చెప్పాను. వాళ్లకది సరదా అయింది. రోజూ కాయలేరుతూ బల్బుకేసి చూసేవాళ్లు. అది వెలగలేదు. నా మీద జోకులు మొదలయ్యాయి.

పోయిన వారం శుక్రవారం వెలిగింది.

ఇక్కడి ఆచారం చెప్పాలి. ప్రతి శుక్రవారం బండి తోటకి బయలుదేరే ముందు కన్నమ్మ ముత్యాలమ్మను తలచుకుని బండికి పసుపు, కుంకుమ పెడుతుంది. ముందు కొక్కెం మీద కొబ్బరికాయ కొడుతుంది. నీళ్లు కింద పోనివ్వదు. రెండు చిప్పలూ పట్టుకుని వచ్చి స్టీరింగు మీద, మీటర్ల మీద పోస్తుంది, తోలేవాడి చేతికి అమ్మ చల్లదనం తగలాలని. ఆ మీటర్లలో ఒకటి ఎప్పుడో పోయింది, అక్కడ బొక్క ఉంది. నీళ్లు నేరుగా ఆ బొక్కలోకి, అక్కడి నుంచి తాళం స్విచ్చు వెనక్కి పోతాయి. ఆ శుక్రవారం ఆమె అటు తిరిగిందో లేదో బల్బు మిణుకుమని, నిండుగా వెలిగింది. ఎండెక్కి తడారాక ఆరిపోయింది.

మీటర్ల పలక విప్పి చూశాను. స్విచ్చు వెనక ఏళ్ల తరబడి కొబ్బరినీళ్లు, పసుపు, కుంకుమ కలిసి బంకలా పేరుకున్నాయి. వైర్ల కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటుండే కొసకీ, స్టార్ట్ కొసకీ మధ్య ఆ బంక వంతెన కట్టింది. పొడిగా ఉంటే ఏమీ లేదు. తడి తగిలితే తాళం జేబులో ఉన్నా రిలేకి కబురు వెళ్లిపోతుంది. ఇంకో సంగతి చూడు. బండి తనంతట కదిలినప్పుడల్లా అమ్మకు కోపమొచ్చిందని వీళ్లు మధ్యలో ఇంకో కాయ కొడుతున్నారు. కాయ కొట్టిన కొద్దీ బండి కదులుతోంది, బండి కదిలిన కొద్దీ కాయ కొడుతున్నారు.

పెట్రోలు, బ్రష్షు పెట్టి తోమాను, ఆరబెట్టాను. మీటరు బొక్కకి ప్లాస్టిక్ కాగితం కట్టాను. కానీ ఆ స్విచ్చు ఇక పనికిరాదు, లోపలికంతా చిలుము పాకింది. కన్నమ్మ కాళ్ల దగ్గర కూచుని నెమ్మదిగానే చెప్పాను, కాయ కొట్టండి, నీళ్లు మాత్రం ముందు చక్రానికి పోయండి అని.

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. "ఏంది బిడ్డా, అమ్మ నీళ్లు తగిలితే బండి చెడుతదా? మా అత్త కాలం సంది నాగలికి గిట్లనే పోసినం. నువ్ నిన్న గాక మొన్న వచ్చినవ్."

నాగలికి వైర్లు ఉండవని అనబోయి నాలుక కరుచుకున్నాను. నా నోటి సంగతి నీకు తెలుసు, ఆ రోజు మాత్రం నిజంగా ఆపుకున్నాను. ఆ రోజు నుంచి కన్నమ్మ ఇంటి నుంచి గిన్నె రావడం ఆగిపోయింది. సాయంత్రానికి ముత్తయ్య వచ్చి, స్క్రూడ్రైవరు దగ్గర లేచే నిప్పురవ్వలు చూసి, "బండి కాలబెడతరా ఏంది? జల్దీ మునుపటి లెక్కనే పెట్టు" అని మీ బావ చేత వైరు తగిలించేశాడు. బల్బు తీసి నా చేతిలో పెట్టాడు. కనీసం ఆపిన ప్రతిసారీ బ్యాటరీ వైరు పీకమని మీ బావని బతిమాలాను. రెండు రోజులు పీకాడు. తరవాత స్పానరు నడుముకి చెక్కుకుని తిరగడమే మిగిలింది.

ఇక నిన్నటి సంగతి. నిన్న శుక్రవారం. నేను పొద్దున్నే కాలినడకన తోటకి పోయాను, బండి వెనక వచ్చింది. ఆడవాళ్లు దిగారు, జ్యోతి ఉయ్యాల కట్టింది, పాపను వేసింది, సాలులోకి పోయింది. మీ బావ గేరులో వేసి దిగి, నీళ్లు తెస్తానని వాగు వైపు పోయాడు. రాయి పెట్టాడో లేదో ఇప్పటికీ చెప్పడు. నేను ఊరికే బండి పక్కనుంచి పోతూ స్టీరింగు మీద చెయ్యి వేశాను. జిగటగా తగిలింది. నేను కట్టిన ప్లాస్టిక్ కాగితం లేదు. దాని చోట పెద్ద కుంకుమ బొట్టు ఉంది. మీటరు బొక్క చుట్టూ తడి. ఒక కాయ కాదు, రెండు కొట్టారట, నా మాటలకి అమ్మ నొచ్చుకుని ఉంటుందని.

స్పానరు మీ బావ నడుముకి ఉంది. కేకేశాను, వినబడలేదు. అప్పుడింకేమీ ఆలోచించలేదు. ట్రాలీ కిందికి దూరి ఉయ్యాల ముడి లాగాను. ఒక ముడి ఊడింది, రెండోది బిగుసుకుపోయింది. పాపను బయటకి లాగేసరికి అది గుక్కపట్టి ఏడ్చింది. జ్యోతి పరుగెత్తుకొచ్చింది.

"ఏం జేస్తున్నవ్ అక్కా? గిప్పుడే పన్నది! నీకు బండి పిచ్చి లేసిందా?" అని నా చేతిలోంచి పాపను గుంజుకుంది. నన్ను ఇంకేవో అంది, కోయలో. నేను ఆమె భుజం పట్టుకుని గట్టు మీదికి తోశాను. ఆమె పడబోయి నిలదొక్కుకుంది. అందరూ చేతుల్లో కాయలతో నిలబడి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది అన్నయ్యా. ఏమీ జరగలేదు. బండి తన చోట తాను ఉంది, ఎండ కాస్తోంది, పాప ఏడుస్తోంది. నాకు నిజంగానే పిచ్చి లేచిందేమో అనుకున్నాను.

అప్పుడు గర్రుమంది. ఇంజను వేడి మీదుంది, ఒక్కసారికే అందుకుంది. సీటు మీద ఎవరూ లేరు. బండి మెల్లగా, మనిషి నడిచినట్టు, సాళ్లకి అడ్డంగా వాగు వైపు పోయింది. ఉయ్యాల చీర ఒక కొస ఇంకా కమ్మికే ఉంది, రెండో కొస నేల మీద ఈడ్చుకుపోయింది. కొంత దూరం పోయాక ఆ కొస ట్రాలీ చక్రం కిందికి పోయింది. చుట్టుకుంది, లాగింది, ఫట్టున చిరిగింది. ఆ చీర చిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. ఒడ్డున ఇప్పచెట్టుకి ముందు చక్రం తగిలి ఇంజను ఆగింది.

ఇప్పుడైనా నమ్ముతారని అనుకున్నాను. సాయంత్రం ముత్తయ్య వాకిట్లో ఊరంతా కూచుంది. కన్నమ్మ నన్ను పిలిచి, ముందు ఏడ్చి, తరవాత కావలించుకుంది. గిన్నె మళ్లీ వచ్చింది, నిండా. నా తప్పేమీ లేదట. అమ్మే నా ఒంట్లోకి వచ్చి పాపను తీయించిందట. లేకపోతే బండి కదులుతుందని నాకెలా తెలుస్తుంది?

"కొబ్బరినీళ్ల వల్లనే అత్తా. మళ్లీ పోసిండ్రు, నేను చూసిన" అన్నాను. నేను కూడా వాళ్ల మాటే మాట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది.

"అవ్ బిడ్డా, నీళ్లు పోసినం గనుకనే అమ్మ వచ్చింది" అంది కన్నమ్మ. అందరూ తల ఊపారు.

వచ్చే శుక్రవారం మొక్కు తీర్చాలని నిర్ణయమైంది. ఇంటికో కాయ చొప్పున ఆ బండి మీదే కొడతారు, నీళ్లన్నీ ఆ స్టీరింగు మీదే. తరవాత ఆడవాళ్లందరినీ ట్రాలీలో ఎక్కించి, వాగు దాటించి, అమ్మ గద్దె దాకా తోలుకుపోతారు. అక్కడ బండి ఆపి, ట్రాలీ కింద జ్యోతి పాపకి కొత్త చీరతో ఉయ్యాల వేస్తారు. ఎక్కడ గండం తప్పిందో అక్కడే పాపను చూపించాలట. గద్దె దగ్గర నేల ఎంత వాలో నేను చూశాను. బండిని ఇప్పుడు పందిరి కింద పెట్టి బానెట్టుకి పసుపు గుడ్డ కట్టారు. ఆ రోజు దాకా ఎవరూ చెయ్యి వేయకూడదు. కన్నమ్మ దాని పక్కనే మంచం వేసుకుంది.

మీ బావ ఉన్నాడు కదా అంటావు. అదే నాకు అన్నిటికంటే భయం. బండి పోతుంటే స్టీరింగు తనంతట తానే తిరగడం చూశానంటున్నాడు. దున్నిన నేల మీద ముందు చక్రాలు అటూ ఇటూ పడితే స్టీరింగు తిరగదా? ఆ మాట చెప్తే చేతులు జోడించాడు. "ఇగ నోరు మూసుకో పద్మా. అమ్మ ఉన్నది దాంట్ల." ఈ పొద్దున లేవగానే తలస్నానం చేసి బండికి దండం పెట్టాడు. నా మొగుడు నా ఎదుటే ఉన్నాడు, ఆయనతో మాట్లాడటానికి మాత్రం నాకెవరూ లేరు.

నువ్వు గురువారం సాయంత్రానికల్లా రావాలి అన్నయ్యా. దుమ్ముగూడెం దాకా బస్సు ఉంది, అక్కడి నుంచి ఆటో అడుగు. మా అన్న మొక్కుకి వస్తున్నాడని ఇప్పుడే అందరికీ చెప్పేస్తాను. చేతిలో కొబ్బరికాయ పట్టుకో. సంచిలో పదమూడో నంబరు స్పానరు, బ్యాటరీకి కటాఫ్ స్విచ్చు, సెల్ఫ్ మోటారుకి తిన్నగా పెట్టే ఒత్తుడు బటన్ తే. నేను చెప్తే కోడలిపిల్ల మాట, నువ్వు చెప్తే మెకానిక్కు మాట. వాళ్ల దేవతను ఒక్క మాట అనకు. వాళ్లు నన్ను ఒళ్లో పెట్టుకున్నారు, అది కూడా మరచిపోకు. వదినకి ఉయ్యాల సంగతి చెప్పకు, కంగారు పడుతుంది. పని మీద పోతున్నానను.

నువ్వు రాలేకపోతే శుక్రవారం పొద్దున నేనే కత్తి పెట్టి ఆ వైర్లన్నీ కోసేస్తాను. కన్నమ్మ మంచం మీద నుంచే చూస్తుంది. ఆ తరవాత ఈ ఊళ్లో మమ్మల్ని ఉంచరు, మీ బావ నాతో వస్తాడో రాడో తెలియదు. అయినా కోస్తాను.

నేను బాగానే ఉన్నాను. పెద్దమ్మకి, పక్కింటి మామయ్యకి నా నమస్కారాలు అందజెయ్యి. పిల్లల బుగ్గలు నా తరఫున గిల్లు. నీ చెయ్యి, వదిన చెయ్యి నా తల మీద ఉన్నాయనే ధైర్యంతో ఉన్నాను, అవి తియ్యకండి.

నీ చెల్లెలు
పద్మ

ఇంకో మాట. ఉత్తరం మడుస్తుండగా జ్యోతి వచ్చింది. నిన్న తిట్టినందుకు నా కాళ్లు పట్టుకోబోయింది, లేవదీశాను. కొత్త చీర తెచ్చింది, ఆకుపచ్చది, ఇంకా మడత విప్పలేదు. "అమ్మ నీ చేతులల్ల వచ్చింది అక్కా. నువ్ తీసినవ్ గాబట్టి నువ్వే కట్టాలె, పాపను నువ్వే పండబెట్టాలె. గప్పుడే నాకు ధైర్యం" అంది. పాప నా వేలు పట్టుకుని వదల్లేదు. కాదనలేకపోయాను. చీర నా దగ్గరే ఉంచి వెళ్లింది.